జేమ్సు ప్రెస్కాట్ జౌలు

పెద్ద తొట్టిలోని ద్రవమును కలియబెట్టు తెడ్డును త్రిప్పుటకు ఎంత బలముగల మోటారు కావలయును? ఇంజనీర్లు టార్కు అనెడి ఈ త్రిప్పుడు బలమును తెలియక మోటారును కొన్నచో, అది చాలనిదైన కాలిపోవును. మిక్కిలి పెద్దదైన సొమ్ము దండుగ. నీటిని కలియబెట్టుటకగు శ్రమను కొలుచుటలో ఏండ్లు గడిపిన జౌలు చరిత్రము ఇందుకు మిగుల ఉపకరించును.

ఈయన 1818 డిసెంబరు 24వ తేదీని ఇంగ్లండులోని సాల్ఫర్డు పట్టణమున, బీరు కాచు వర్తకుని యింట జన్మించెను. దేహము దుర్బలమగుటచే ఇంటనే చదువుకొనెను. పరమాణు వాదమునకు ప్రసిద్ధుడగు డాల్టను ఆయనకు గురువు. జౌలు ఏ కళాశాలయందును ఆచార్యుడు కాలేదు. తొలుత విద్యుత్తుతో నడచు మోటారులను చేసి, ఆవిరి యంత్రములను మించవలెనని ఆశపడెను. కాని బ్యాటరీలో కరగు జింకు వెల బొగ్గు వెలకంటె ఎంతయో హెచ్చని తేలెను. ఆ ఆశాభంగమే ఆయనను పనికిని వేడిమికిని గల సంబంధమువైపు మరల్చినదని నా తలంపు.

1849లో ప్రకటించిన ప్రయోగమున రాగిపాత్రలో నీరు పోసి, ఇత్తడి తెడ్లను అమర్చెను. ఒక్కొక్కటి సుమారు 29 పౌనుల బరువుగల రెండు సీసపు గుండ్లు త్రాళ్లతో దిగుచు వానిని త్రిప్పును. ఐదడుగులకు పైగా ఇరువదిమారులు దిగినను, నీటివేడి ఫారన్‌హీటు డిగ్రీలో సగమునకు కొంచెము మించి మాత్రమే హెచ్చెను! పాత్రలో కదలని రేకులనుగూడ నిలిపెను. అవి లేనిచో నీరు తెడ్డుతోబాటు గిరగిర తిరుగును, తెడ్డుకు ఎదురుండదు. నేటి తొట్ల గోడలకు నిలువు పలకలను బిగించుటయు ఇందులకే.

అంతకు ముందు 1847లో ఆక్సుఫర్డు సభలో పెద్దలు ఆయన మాటను అంతగా లెక్కచేయలేదు. యువకుడగు విలియం థామ్సను మాత్రము దాని విలువ గ్రహించెను. ఆ యేడే జౌలు వివాహమయ్యెను. 1854లో భార్య గతించెను.

వృద్ధాప్యమున, 1878లో ప్రకటించిన ప్రయోగమున, ఆయన ఉపాయము మార్చెను. పాత్రనే తిరుగుటకు వీలుగా నుంచెను. తెడ్డు నీటిని త్రిప్పగా, నీరు పాత్రను త్రిప్పజూచును. పాత్రకు చుట్టిన త్రాటికి కట్టిన బరువులు దానిని కదలనీయవు. ఆ బరువును పాత్ర వ్యాసార్ధముచే గుణించినచో త్రిప్పుడు బలము దొరకును. దానిని తెడ్డు తిరిగిన కోణముచే గుణించినచో పని తేలును. ఇరుసు రాపిడి ఈ లెక్కలో చొరబడదు, అదియే దీని సొగసు. మోటారును ఎంచునప్పుడు మాత్రము ఆ రాపిడిని వేరుగ కలుపవలయును. నీటివంటి పలుచని ద్రవమును వడిగా కలియబెట్టునపుడు, తెడ్డు వేగము రెట్టింపైన త్రిప్పుడు బలము నాలుగు రెట్లు, మోటారు శక్తి ఎనిమిది రెట్లు కావలసివచ్చును.

ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు 772.55 అడుగు-పౌనుల పని కావలెనని ఆయన తేల్చెను. 1889 అక్టోబరు 11వ తేదీని సేలు గ్రామమున కాలధర్మము చెందెను. ఆయన సమాధి రాతిపై ఆ సంఖ్య చెక్కబడియున్నది.