వంటింట్లో దేవుణ్ణి కనుగొన్న బ్రదర్ లారెన్స్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. గొప్ప గొప్పవారి గురించి వ్రాయగల పండితులు మన సభ్యులలో చాలామందే ఉన్నారు. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాడిని. నా స్థాయికి తగినట్టుగా ఒక వంటవాడి గురించి వ్రాస్తున్నాను. ఆయన చనిపోయి 300 ఏళ్ళు దాటింది. పేరు బ్రదర్ లారెన్స్.

ఆయన నాకెలా పరిచయమయ్యారో ముందుగా చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం మా ఇంటావిడకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. పిల్లలు దూరంగా ఉన్నారు. అప్పటిదాకా స్టవ్వు వెలిగించి ఎరుగని నేను డెబ్భై ఏళ్ళ వయసులో వంటింట్లో అడుగు పెట్టాను. చిన్నప్పటినుండి ఆదివారం ఆరాధన తప్పినవాడిని కాను. ఉదయం, రాత్రి మోకాళ్ళూని ప్రార్థన చేసుకునేవాడిని. అలాంటిది ఆ రోజుల్లో అన్నం మాడకుండా చూసుకోవడంతోనే పొద్దు గడిచిపోయేది. మోకరిస్తే నిద్ర ముంచుకొచ్చేది. పై ఆఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టుకున్నా జవాబు రాని ఉద్యోగిలా ఉండేది నా మనసు. మా సంఘ కాపరి గారు అది గమనించి ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో దాని పేరు ‘ది ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’.

ఆయన అసలు పేరు నికొలా హెర్మన్. 1614 ప్రాంతంలో లొరేన్‌లో, లూనెవిల్ పట్టణం దగ్గర ఒక పల్లెలో పుట్టారు. ఇప్పుడది ఫ్రాన్సు దేశంలో ఉంది. బీద కుటుంబం, చదువు అంతంత మాత్రం. ఆయనకు 18 ఏళ్ళ వయసులో ఒక శీతకాలంలో ఆకులన్నీ రాలిపోయి మోడులా నిలబడ్డ చెట్టు కంటబడింది. కొద్ది రోజుల్లో దీనికే ఆకులు వస్తాయి, పూలు పూస్తాయి, కాయలు కాస్తాయి అన్న ఆలోచన వచ్చింది. ఇదంతా చేసే దేవుని శక్తి మీద ఆ క్షణంలో కలిగిన ప్రేమ మళ్ళీ తగ్గలేదట. దేవదూత కనబడలేదు, ఆకాశవాణి వినబడలేదు. అందరం రోజూ చూసే చెట్టే.

అంతమాత్రాన వెంటనే సన్యాసం పుచ్చుకోలేదు. అప్పుడు యూరప్‌లో ముప్పై ఏళ్ళ యుద్ధం సాగుతోంది. ఈయన సైన్యంలో చేరారు. ఒకసారి శత్రువులు పట్టుకుని గూఢచారివంటూ ఉరి తీయబోయి వదిలిపెట్టారు. తరువాత యుద్ధంలో కాలికి గాయమైంది. ఆ కుంటితనం జీవితాంతం ఉండిపోయింది. కొన్నాళ్ళు ఏకాంతంగా తపస్సు చేసి చూశారు గాని మనసు నిలవలేదు. ఆ తరువాత ఫ్రాన్సు రాజుగారి ఖజానాలో ట్రెజరరుగా ఉన్న ఫియుబే అనే ఆయన ఇంట్లో నౌకరుగా చేరారు. (ట్రెజరీ మాట వినగానే మన పెన్షనర్లకు ప్రాణం లేచి వస్తుందని నాకు తెలుసు!) ఏ సామాను పట్టుకున్నా జారవిడిచి పగలగొట్టే మనిషినని ఆయనే తరువాత ఒప్పుకున్నారు.

1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరారు. తన మొద్దుతనానికి అక్కడ కఠిన శిక్షలు పడతాయి, అలా తన సుఖాలన్నీ దేవునికి అర్పణ అయిపోతాయి అనుకున్నారట. తీరా చూస్తే అక్కడ దొరికింది సంతోషమే. దేవుడు తనను మోసం చేశాడని నవ్వుకుంటూ చెప్పేవారు. మఠంలో పేరు మార్చి లారెన్స్ అని పెట్టారు. పెద్దగా చదువుకోలేదు కనుక గురువు పట్టం లేదు, లే బ్రదర్‌గానే ఉన్నారు. మన భాషలో చెప్పాలంటే లాస్ట్ గ్రేడ్ సర్వీసు. చేరిన నాటినుండి పోయేదాకా 50 ఏళ్ళు అదే హోదా, ఒక్క ప్రమోషన్ లేదు.

ఆయనకు వేసిన డ్యూటీ వంటశాలలో. ఆ పని ఆయనకు స్వభావరీత్యా ఇష్టం లేదు. అయినా సుమారు 15 ఏళ్ళు చేశారు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చాలామంది ఈయన కథ చెప్పేటప్పుడు గరిటె పట్టుకున్న రోజునుండే దేవుని సన్నిధిలో తేలిపోయినట్టు చెబుతారు. అది నిజం కాదు. మొదటి 10 ఏళ్ళు ఆయన లోలోపల నలిగిపోయారు. అందులో నాలుగేళ్ళపాటు తనకు రక్షణ లేదు, నరకమే గతి అని నమ్మారు. మఠం నియమం ప్రకారం రోజూ ధ్యాన ప్రార్థనకు కూర్చునేవారు. మనసు ఎటో పోతుంటే లాక్కొచ్చేవారు, మళ్ళీ పోయేది. ఆ సమయమంతా ఆ పెనుగులాటలోనే గడిచేది. చివరికి, జీవితాంతం ఇలాగే ఉన్నా సరే, దేవుని మీద ప్రేమ కోసమే పని చేస్తాను, తరువాత ఏమైనా కానీ అని నిశ్చయించుకున్నారు. అప్పుడే హఠాత్తుగా మనసు కుదుటపడింది.

ఈ పేజీలు నేను కుక్కరు పక్కన నిలబడి చదివాను. మూడో విజిల్ ఎప్పుడు వచ్చిందో తెలియలేదు, పప్పు అడుగంటింది.

ఆయన పద్ధతి చాలా చిన్నది. పని మొదలు పెట్టేముందు సాయం చెయ్యమని దేవుణ్ణి అడగడం, పని మధ్యలో పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు ఆయనతో మాట్లాడడం, బాగా కుదిరితే కృతజ్ఞత చెప్పడం. తప్పు జరిగితే ఒప్పుకుని, నువ్వు వదిలేస్తే నేను చేసేది ఇంతే అని చెప్పి, దాన్నే తలచుకుని కుమిలిపోకుండా పనిలో పడడం. పెనం మీద అట్టు తిరగేసినా దేవుని ప్రేమ కోసమే. ఇంకేమీ పని లేకపోతే నేలమీద గడ్డిపరక తీసినా అందుకోసమే. క్రమంగా ఆయనకు ప్రార్థన వేళకూ పని వేళకూ తేడా లేకుండా పోయింది. అలాగని గుడిలో ఆరాధన మానుకోలేదు, పెద్దలు పెట్టిన వేళకు వెళ్ళేవారు. వెళ్ళే ముందూ వచ్చిన తరువాతా దేవుడు ఒకే దగ్గరగా ఉండేవాడు, అంతే.

మఠానికి ద్రాక్షారసం కొనుక్కురమ్మని ఒకసారి దూరప్రాంతానికి పంపారు. వ్యాపారం తెలియదు, కాలు కుంటి, పడవలో పీపాల మీద దొర్లుకుంటూ పోవలసి వచ్చేది. ఇది నీ పనే సుమా అని దేవునికి చెప్పి వెళ్ళేవారు. పని చక్కగా అయ్యేది. ఎలా అయ్యిందో ఆయనకే తెలిసేది కాదు. ఆడిట్ అభ్యంతరాలేమైనా వచ్చాయో లేదో పుస్తకంలో లేదు!

కాలి బాధ ఎక్కువయ్యాక నిలబడే పని మాన్పించి చెప్పులు కుట్టే పనిలో వేశారు. 1666 ఆగస్టు 3న జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు ఆయనను కలుసుకుని మాట్లాడారు. ఆ సంభాషణలను ఆయనే వ్రాసి ఉంచారు. పేరుపొందిన పండితుడు ఫెనెలాన్ కూడా చూడడానికి వచ్చారు. అప్పటికి లారెన్స్ జబ్బుతో మంచం మీద ఉన్నా ఎంతో ఉల్లాసంగా ఉన్నారట. 1691 ఫిబ్రవరి 12న కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన ఉత్తరాలనూ, 1694లో సంభాషణలనూ బోఫోర్ ప్రచురించారు. ఆయన కథోలిక మఠవాసి అయినా ప్రొటెస్టెంటులు కూడా ఆయనను తమవాడిగా చేసుకున్నారు. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ తన గ్రంథమాలలో ఆయన మాటలకు చోటిచ్చారు.

మా ఇంటావిడ ఇప్పుడు ఎడమ చేత్తో కూరగాయలు అందిస్తోంది. నేను తరుగుతూ పైకే ప్రార్థిస్తుంటాను. మొదట్లో ఎవరితో మాట్లాడుతున్నారని అడిగేది. ఈ మధ్య అడగడం మానేసి, మధ్యలో ఉప్పు వేశారా అని మాత్రం గుర్తు చేస్తుంది.