పొగలోని అమ్మోనియాకు కొలమానం చూపిన జాన్ టిండాల్

సూరత్: ధూళికణాల ఉద్గారాలకు సూరత్ పరిశ్రమల్లో 2019లో మార్కెట్ విధానం మొదలైంది. పొగగొట్టాల వద్ద నిరంతర కొలతే దానికి ఆధారం. పొగలోని ధూళిని, వాయువులను కాంతితో కొలిచే పద్ధతులకు పునాది వేసినవారిలో జాన్ టిండాల్ ముఖ్యుడు.

టిండాల్ 1820 ఆగస్టు 2న ఐర్లండ్‌లోని లీలిన్‌బ్రిడ్జ్‌లో సామాన్య కుటుంబంలో జన్మించారు. భూముల సర్వే, రైలు మార్గాల సర్వే పనులతో జీవనం సాగించారు. అనంతరం జర్మనీలోని మార్బర్గ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1853లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యులయ్యారు.

1859లో ఆయన వాయువుల గుండా ఉష్ణకిరణాలను పంపి పరిశీలించారు. ఆక్సిజన్, నైట్రోజన్ వాటిని దాదాపుగా అడ్డుకోలేదు. కంటికి కనిపించని అమ్మోనియా మాత్రం ఆ కిరణాలను విశేషంగా గ్రహించింది. సూక్ష్మకణాలు కాంతిని వెదజల్లే తీరుపైనా ఆయన పరిశోధించారు. అదే నేటి టిండాల్ ప్రభావం.

నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేందుకు కొన్ని పరిశ్రమలు పొగలోకి అమ్మోనియా లేదా యూరియా పంపుతాయి. చర్యలో పాల్గొనక మిగిలిన అమ్మోనియా గొట్టం దాటితే, గాలిలోని ఆమ్లాలతో కలిసి సూక్ష్మధూళిగా మారుతుంది. తక్కువైతే ఆక్సైడ్లు, ఎక్కువైతే అమ్మోనియా బయటపడతాయి. అందుకే పొగ గుండా పరారుణ లేజర్‌ను పంపి, ఎంత కాంతి తగ్గిందో చూసి అమ్మోనియాను లెక్కిస్తారు. దీనికి మూలం టిండాల్ గమనించిన ధర్మమే.

1893 డిసెంబరు 4న, భార్య లూయిజా పొరపాటున ఇచ్చిన అధిక మోతాదు క్లోరల్ వల్ల ఆయన కన్నుమూశారు. భర్త జీవితచరిత్ర కోసం ఆమె దశాబ్దాలపాటు సమాచారం సేకరించారు. ఆ గ్రంథం ఆమె మరణానంతరం 1945లో వెలువడింది.