పునీత దేవసహాయము: ఒక గృహస్థుని చరిత్రము

దేవుని సేవింపవలెనన్నచో ఇల్లు వాకిలి విడిచి మఠమున జేరవలెనని పలువురు తలంతురు. నాగలి పట్టువానికిని, లెక్కలు వ్రాయువానికిని, పొయ్యి యొద్ద నిలుచు తల్లికిని దైవకార్యము ఆదివారపు పూజతో ముగియునని వారి యభిప్రాయము. ఈ తలంపు సరికాదని చూపుటకు మేము ఒక సంసారి జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇందు నివేదించుచున్నాము. ఆయన భార్య గల గృహస్థుడు. రాజకొలువున జీతము గొనిన యుద్యోగి.

తిరువాన్కూరు సంస్థానమున, నేటి తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాయందలి నట్టాలము గ్రామమున, 1712వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన నాయరు కుటుంబమున నీలకండన్ అను బాలుడు జన్మించెను. నాటి సంపన్న గృహముల యాచారము ననుసరించి విద్యలును, ఆయుధాభ్యాసమును నేర్చెను. యుక్తవయస్సున భార్గవి యను కన్యను వివాహమాడి, మార్తాండవర్మ మహారాజు కొలువున ప్రవేశించి, రాజధానియైన పద్మనాభపురమున నమ్మకమైన యుద్యోగియై మన్ననలు పొందెను.

1741లో కొలచెల్ తీరమున మహారాజు సేనలు డచ్చివారి నోడించెను. నాడు చెఱపట్టబడిన డి లానోయ్ అను కథోలిక సేనాని, పిదప రాజుగారి కొలువునందే చేరి సైన్యమునకు శిక్షణ మొసగసాగెను. నీలకండనునకును ఆయనకును స్నేహము కుదిరెను. ఆ దినములలో నీలకండను ఇంట పశువులు నశించి, పైరులు చెడి, దుఃఖము మెండాయెనట. సేనాని ఆయనకు బైబిలునందలి యోబు చరిత్రమును వినిపించెనని సంప్రదాయము. సర్వమును గోల్పోయియు దేవుని విడువని యా భక్తుని కథ ఆయన హృదయమున నాటుకొనెను.

1745లో వడక్కన్‌కుళము గ్రామమున యేసుసభ గురువైన బుత్తారి యొద్ద ఆయన జ్ఞానస్నానము పొంది లాజరు అను నామము గ్రహించెను. దేవుడు సహాయము చేసెనను నర్థము గల యా పేరే దేశభాషలో దేవసహాయమయ్యెను. భార్యయు విశ్వసించి జ్ఞానపూ అను పేర జ్ఞానస్నానము పొందెను.

పాఠకులు ఇచట ఒక విషయము గమనింపవలెను. దేవసహాయము క్రైస్తవుడైన పిమ్మట సన్యసింపలేదు. గృహస్థుడుగనే యుండి, నిత్యజీవితమునందే తన విశ్వాసమును చూపెను. మనుజులందఱును సమానులని యెల్లరకు బోధించెను. అంతటితో నాగక తక్కువ కులములవారని యెంచబడిన వారితో కలసి కూర్చుండి భుజించెను. దారిన నడచుటకును కులభేదము పాటింపబడుచుండిన కాలమున అగ్రవర్ణమున బుట్టిన రాజోద్యోగి ఇట్లు చేయుట సామాన్యము కాదు. పెద్దలకు కోపము వచ్చెను. రాజద్రోహము మొదలగు నేరములు ఆయనపై మోపబడెను.

1749లో ఆయనను బంధించిరి. తరువాతి మూడేండ్ల బాధలను శ్రీసభ భక్తితో స్మరించుచున్నది. దున్నపోతుపై వెనుకకు మొగము త్రిప్పి కూర్చుండబెట్టి ఊరేగించిరనియు, కొట్టిన గాయములకు మిరెపు పొడి రాచిరనియు, చెట్టునకు గట్టి ఎండకును వానకును విడిచిరనియు ఆ ప్రాంతపు జనులు నేటికిని చెప్పుకొందురు. మతము విడిచినచో పూర్వపు గౌరవము మరల లభించునని ఆశ చూపిరి, ఆయన సమ్మతింపలేదు. 1752 జనవరి 14వ తేదీన ఆరల్వాయ్‌మొళి చెంత కాట్టాడిమలయను అడవికొండ మీద భటులు ఆయనను తుపాకులతో కాల్చి చంపిరి. అప్పటికి ఆయనకు నలువదియేండ్లు నిండలేదు. జ్ఞానస్నానము పొంది ఏడేండ్లైనను కాలేదు. ఆయన యస్థికలను కొట్టారులోని పునీత ఫ్రాన్సిస్ శౌరి దేవాలయమున సమాధి చేసిరి.

2012 డిసెంబరు 2న నాగర్‌కోయిలులో ఆయన ధన్యుడుగను, 2022 మే 15న రోము నగరమున ఫ్రాన్సిస్ పోపుగారిచే పునీతుడుగను ప్రకటింపబడెను. భారతదేశపు గృహస్థులలో ఈ గౌరవము పొందిన మొదటివాడు ఆయనయే. ఆయన పేరు చివర వాడుకలోనుండిన కులనామమును పునీత ప్రకటనకు ముందే తొలగించిరి. మనుజులందఱు నొక్కటేయని బోధించినవానికి ఇది తగిన గౌరవమని మా తలంపు. 2025లో ఆయన భారతదేశ గృహస్థ కథోలికులకు పాలక పునీతుడుగా నిర్ణయింపబడెను.

గృహస్థులు లోకమునందే యుండి, తమ వృత్తులద్వారా, పిండిలోని పులిసిన ముద్దవలె లోకమును లోపలినుండి మార్చవలెనని రెండవ వాటికను మహాసభ 1964లో బోధించెను. ఆ బోధకు రెండువందల యేండ్లు ముందే దేవసహాయము దానిని ఆచరించి చూపెను.

మన రావికమతము ప్రాంతమున నేడు ఎవ్వరును విశ్వాసము కొఱకు ప్రాణము లిమ్మని మనల నడుగుట లేదు. కాని నీటివంతు వచ్చినప్పుడు పొరుగువాని మడికి చేరవలసిన నీటిని మళ్లింపని రైతును, అనకాపల్లి బెల్లపు బజారున తూకము తప్పని వర్తకుని, లంచము ముట్టని గుమాస్తాను, పేదవాని బిడ్డను ముందు బల్లపై కూర్చుండబెట్టు ఉపాధ్యాయుని దేవుడు ప్రతిదినము అడుగుచునే యున్నాడు. విద్యార్థులారా! భోజనపు వేళ మీ ప్రక్కన ఎవరు కూర్చుండిరో, ఎవరు దూరముగ నిలిచిరో ఒక్కసారి చూడుడు. దూరముగ నిలిచినవానిని పిలిచి మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. దేవసహాయము అట్లే చేసెను.