ముద్ర వేసుకున్న మువ్వ వరదయ్య

మన కృష్ణా జిల్లాలో కూచిపూడికి దగ్గర్లోనే మొవ్వ గ్రామం ఉంది. పదిహేడవ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్య ఆ ఊరివాడేనని పెద్దలు చెబుతారు. అసలు పేరు వరదయ్య. క్షేత్రాలు తిరిగి క్షేత్రయ్య అయ్యాడు.

ఆనాటికి తెలుగులో అచ్చు పుస్తకమే పుట్టలేదు, ఇక కాపీరైటు చట్టం ఎక్కడిది? పాట నోరు దాటితే పాడినవాడిదే! మరి కవి తన సొత్తును కాపాడుకునేదెట్లా? వరదయ్య తన ఊరి దేవుడైన మువ్వగోపాలుణ్ణే పదాల్లో ముద్రగా నిలిపాడు. మా నాన్నలాంటి రైతు ధాన్యం బస్తా మీద తన గుర్తు వేసుకున్నట్టే అన్నమాట. అయితే ఈ గుర్తు పాటలోనే అల్లుకుపోయింది. దాన్ని పీకేస్తే పదమే కుంటుపడుతుంది.

ముద్ర ఆయన పేరును నిలిపింది గాని పదాలన్నిటినీ నిలపలేకపోయింది. మధుర తిరుమల నాయకునికి 2000, తంజావూరు విజయరాఘవునికి 1000, గోలకొండ పాదుషాకు 1500 పదాలు వినిపించినట్టు ఆయనే ఒక పదంలో లెక్క చెప్పుకున్నాడు. ఈనాడు మనకు దక్కినవి కొన్ని వందలే! తక్కినవి కాలగర్భంలో కలిసిపోయాయి.

ఇప్పుడు మనకు 1957 నాటి చట్టం అండగా ఉంది. రిజిస్టరు చేయించకపోయినా, రాసిన క్షణం నుంచే హక్కు రచయితదే. అతని తదనంతరం 60 ఏళ్లు వారసులది. కాని రాసింది తానేనని చూపలేనివాడికి చట్టం మాత్రం ఏం చేస్తుంది? తేదీ లేని ల్యాబు రికార్డు లాంటిదే అదీ. కనుక కలం పట్టిన మిత్రులారా, పేరు రాయండి, తేదీ వేయండి, ఒక ప్రతి ఇంట్లో భద్రంగా దాచుకోండి.