గబ్బిలం మోసిన విన్నపం

అన్యాయానికి గురైనవాడు ఆక్రోశంతో కేక వేయడం సహజం. అన్యాయం చేసినవాడే చెవి ఒగ్గి వినేలా తన బాధను చెప్పుకోవడం మాత్రం కష్టం. తెలుగునాట ఆ కష్టమైన పనిని చేసి చూపిన క్రైస్తవ కుటుంబపు బిడ్డ మహాకవి గుర్రం జాషువా.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి యాదవ కులం నుంచి, తల్లి మాదిగ కులం నుంచి వచ్చినవారు. చిన్నతనం నుంచే జాషువాకు కులం చేసే గాయం ఏమిటో తెలుసు. మిషన్ బడిలో కొద్దిపాటి జీతానికి పనిచేశారు. ఆ ఉద్యోగం పోతే రాజమండ్రి వెళ్లి, మాటలు లేని సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివారు. తరువాత గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలోను, ప్రభుత్వ పాఠశాలలోను బోధించారు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు.

ఆ అవమానానికి ఆయన ఇచ్చిన జవాబు 1941లో వెలువడిన ‘గబ్బిలం’ కావ్యం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు తన ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. జాషువా అదే పద్ధతిని తీసుకున్నారు. కానీ ఆయన కథానాయకుడు అంటరానివాడు, ఆకలితో ఉన్నవాడు. గుడి గడప తొక్కే హక్కు అతనికి లేదు. రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో గోడు చెప్పుకుంటాడు. కాశీకి వెళ్లి, పూజారి చూడని సమయంలో శివుని చెవికి దగ్గరగా వేలాడి తన కథ విన్నవించమని బతిమాలుతాడు. మనుషులు అపశకునమని తరిమే ప్రాణికి గుడిలో చోటుంది, మనిషికి లేదు! పండితులు ప్రేమించే ఛందస్సులో, వారు కొలిచే దేవునికే విన్నపం వెళ్తుంటే, కాదనడానికి వారికి సాకు దొరకలేదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జాషువా కాలికి గండపెండేరం తొడిగి గౌరవించారు.

ఇది బైబిలు ఎరిగిన మనకు కొత్త పద్ధతి కాదు. నాతాను ప్రవక్త దావీదు రాజును నేరుగా నిందించలేదు. ఒక పేదవాని గొర్రెపిల్ల కథ చెప్పాడు. రాజు తన నోటితోనే తనకు తీర్పు చెప్పుకున్నాడు. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ కూడా ఇలాంటిదే. ఓపిక పట్టమని సలహా ఇచ్చిన ఎనిమిది మంది మతగురువులకు, వారు గౌరవించే ప్రవక్తలను, అపొస్తలుడైన పౌలును, అగస్టీనును చూపించి ఆయన జవాబిచ్చారు. విననివానిని వినిపించే మాటకు ద్వేషం కంటే ప్రేమే ఎక్కువ పదును పెడుతుంది.

అయితే ఈ కథలో మనం తలదించుకోవలసిన భాగం ఒకటుంది. హిందూ ఇతివృత్తాలతో కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సమాజమే జాషువాను దూరం పెట్టింది. కుల, మత గిరులు దాటిన విశ్వనరుణ్ణని ఆయన తనను గూర్చి చెప్పుకున్నారు. అటు సభ గెంటింది, ఇటు సంఘం వెలివేసింది. అయినా ఆయన కలం యేసుక్రీస్తును విడువలేదు. ఆయన రచించిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు.

మన కడప, కర్నూలు సీమలో ఈ జీవితాన్ని చదివేటప్పుడు మన తాతలు గుర్తుకు రావాలి. కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషన్, ముత్యాలపాడు, నంద్యాలల్లో ఆంగ్లికన్ మిషనరీలు, కర్నూలులో బాప్టిస్టులు సువార్త చెప్పినప్పుడు ఎక్కువగా నమ్మి వచ్చింది ఊరి బయట పేటల్లోని కూలి జనమే. కరవు నేలలో చెమట కార్చి, ఊరి బావి దగ్గర నీళ్లకు చేతులు చాచినవారే. గబ్బిలంతో మాట్లాడిన ఆ నిరుపేద మనకు పరాయివాడు కాడు, మన ఇంటివాడే.

మరి అతని మనవలమైన మనం ఏం చేస్తున్నాం? కొన్ని ఊళ్లలో ఒకే ప్రభువును ఆరాధిస్తూ మాలపేటకు ఒక సంఘం, మాదిగపేటకు ఒక సంఘం నడుపుకుంటున్నాం. పెళ్లి సంబంధం వచ్చేసరికి బాప్తిస్మం కంటే ముందు కులం అడుగుతున్నాం. విగ్రహాల పెళ్లిళ్లకు వేలు ఖర్చుచేసి, పేదవాని పాత్రలో మెతుకు వేయని లోకాన్ని జాషువా నిలదీశారు. మందిర ప్రతిష్ఠలకు, పండుగ విందులకు లక్షలు పోసి, సంఘంలోని విధవరాలి పొయ్యి వెలిగిందో లేదో చూడని మనకు కూడా ఆ ప్రశ్న తగులుతుంది.

మన దేవునికి విన్నపం చేరడానికి గబ్బిలం అవసరం లేదు. తెర చినిగింది, దారి తెరుచుకుంది. ఆ దారిలో తోటి విశ్వాసికి అడ్డుగా నిలబడింది మనమేనేమో, ఈ ఆదివారం బల్ల దగ్గరకు వెళ్లేముందు పరీక్షించుకుందాం.