చెవినే గురువుగా చేసుకున్న ద్వారం వారు



డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఎంచుకున్నాను. నేను సంగీతజ్ఞుడను కాను. ముప్పై ఆరు సంవత్సరాలు గుమాస్తాగా ఫైళ్ళు నడిపి, ఇప్పుడు కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నవాడిని. అయినా ఈ వయస్సులో నాయుడు గారిని తలచుకోవడానికి నాకు రెండు కారణాలు ఉన్నాయి. ముందు వారి కథ చెప్పి, తరువాత అవి మనవి చేస్తాను.

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి. తరువాత కుటుంబం విశాఖపట్నం చేరింది. దీపాల పండుగ నాడు పుట్టిన పిల్లవానికి చూపు మాత్రం చిన్నతనంలోనే మందగించింది. నల్లబల్ల మీద అక్షరాలు కనిపించకపోతే బడిలో చదువు ఎలా సాగుతుంది? అది మధ్యలోనే ఆగిపోయింది. అయితే ఇంట్లో ఫిడేలు ఉంది. దానిని వాయించే అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఉన్నారు. తమ్ముడికి ఆయనే గురువు అయ్యారు.

పుస్తకం చూసి నేర్చుకునేవాడు మరచిపోతే పుట తిప్పి చూసుకుంటాడు. విని నేర్చుకునేవాడికి ఆ సౌకర్యం లేదు. విన్నది మనసులో నిలవాలి. నిలిచినది గొంతులో పలకాలి. పలికినది వేళ్ళలోకి దిగాలి. ఈ మూడింటిలో ఎక్కడ తేడా వచ్చినా చెవి ఒప్పుకోదు. నాయుడు గారు పట్టిన దారి ఇది. ఇది సులువైన దారి అని కొందరు అనుకుంటారు. గంటల తరబడి సాధన లేనిదే ఈ దారిలో ఒక్క అడుగు కూడా పడదు.

పైగా వారు చేపట్టిన వాద్యం సామాన్యమైనది కాదు. ఫిడేలు పడమటి దేశాల నుండి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దానిని నేర్చుకుని, మన సంగీతానికి అనువుగా మలచుకున్నారు. వీణకు మెట్లు ఉంటాయి. హార్మోనియానికి, పియానోకు మీటలు ఉంటాయి. ఫిడేలుకు అవేమీ లేవు. నున్నటి పలక మీద ఏ స్వరం ఎక్కడ ఉన్నదో చెప్పే గుర్తు ఒక్కటి కూడా ఉండదు. వేలు వెంట్రుకవాసి జరిగితే శ్రుతి తప్పుతుంది. మంచి చూపు ఉన్నవానికి కూడా అక్కడ కన్ను చేసే సాయం తక్కువ. చెవి చెబితే వేలు వినాలి, అంతే. బడిలో వెనుకబడిన ఆ బాలుడు ఈ వాద్యం దగ్గర ఎవరికీ తీసిపోలేదు.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతి గారు సంగీత కళాశాల స్థాపించారు. సంస్థానంలో పనిచేసే ఒకరి అంధ కుమారునికి సంగీతం చెప్పించాలన్న సంకల్పం నుండి ఆ కళాశాల పుట్టిందని చెబుతారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి అధ్యక్షులు. నాయుడు గారు అక్కడకు విద్యార్థిగా చేరడానికి వెళ్ళారు. దాసు గారు వారి ఫిడేలు విన్నారు. విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యునిగా తీసుకున్నారు. అప్పటికి నాయుడు గారి వయస్సు ఇరవై ఆరు సంవత్సరాలు. గెజిటెడ్ అధికారి సంతకం చేసిన సర్టిఫికెట్ నకళ్ళు జతపరచి దరఖాస్తులు పెట్టుకున్న మనబోటివారికి ఇది వింతగా తోస్తుంది. ఇక్కడ దరఖాస్తు వాద్యమే, పరీక్ష అధికారి వినేవారి చెవే.

1936లో నాయుడు గారు అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు, పి. సుశీల గారు చదువుకున్న కళాశాల అది. మన తరం రేడియో ముందు కూర్చుని విన్న గొంతుకల వెనుక ఆ విజయనగరం ఉన్నదని చాలామందికి తెలియదు.

కచేరీలో పక్కవాద్యం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాయకుడు రాగం ఆలపిస్తుంటే ఫిడేలు విద్వాంసుని ముందు కాగితం ఉండదు. గాయకుడు తరువాత ఏ సంగతి వేస్తాడో ముందుగా తెలియదు. విన్న మరుక్షణం దానిని తంతి మీద పలికించాలి. కల్పన స్వరాలలో అయితే గాయకుడు విసిరిన దానికి అప్పటికప్పుడు తాళం తప్పకుండా జవాబు ఇవ్వాలి. విని వాయించడం మన సంప్రదాయంలో చాటుగా చేసే పని కాదు. నిండు సభలో, గొప్ప గాయకుల పక్కన కూర్చుని చేసే పని. నాయుడు గారు అందులో అగ్రశ్రేణి వారు. అయితే ఫిడేలు పక్కన కూర్చోవలసిన వాద్యం మాత్రమేనా అన్న ప్రశ్నకు కూడా వారు సమాధానం ఇచ్చారు. 1938లో వెల్లూరులో వారు చేసిన కచేరీని వారి మొదటి సోలో ఫిడేలు కచేరీగా చెబుతారు. గాత్రం లేకుండా ఫిడేలే సభను నడిపించగలదని దక్షిణాదికి చూపినవారిలో వారు ప్రముఖులు. పొడవైన కమాను, గాత్రాన్ని తలపించే నాదం వారి బాణీ.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో మన దేశానికి వచ్చిన ప్రపంచ ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ వారి వాద్యం విని ముగ్ధుడయ్యారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964 నవంబరు 25న నాయుడు గారు కన్నుమూశారు. శతజయంతి సంవత్సరం 1993లో తపాలా శాఖ వారి పేర స్టాంపు విడుదల చేసింది. నల్లకళ్ళద్దాలతో ఉన్న వారి ముఖం ఆనాటి వారికి సుపరిచితం.

ఇక నా కారణాలు. మొదటిది నా కళ్ళు. నాలుగేళ్ళ క్రితం నాకు గ్లాకోమా, అంటే నీటికాసులు, ఉన్నట్లు బయటపడింది. మందులతో ఉన్న చూపు నిలుపుకోవచ్చును గాని, పోయినది తిరిగి రాదని డాక్టరు గారు చెప్పారు. జీవితమంతా కాగితం చదివి బ్రతికినవానికి ఇది ఎటువంటి మాటో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ వ్యాసం కూడా నేను చెబుతుంటే మా మనుమరాలు వ్రాసిపెడుతున్నది.

రెండవ కారణం ఆ మనుమరాలే. పన్నెండేళ్ళ పిల్ల. ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద పియానో నేర్చుకుంటున్నది. మా ఇంటి నుండి చూస్తే హైటెక్ సిటీ మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు ఆ మాదాపూర్ అంతా బండరాళ్ళు, తుప్పలు. ఇప్పుడు అక్కడ నడిచే ప్రతివారి చెవిలోనూ ఏదో ఒక యంత్రం ఉంటుంది. పాట ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. కూర్చుని వినేవారు మాత్రం తక్కువ. మా పిల్లకు ఆ గుణం ఉంది. నేను కూనిరాగం తీస్తే మీటల మీద వెతికి పట్టుకుంటుంది. అయితే గ్రేడు పరీక్ష పూర్తయ్యేవరకు పుస్తకంలో ఉన్నవి తప్ప విని వాయించరాదని నేర్పే మాస్టారు కట్టడి చేశారు. తల్లిదండ్రులు సరేనన్నారు. రెండు నెలల్లో పిల్ల కీబోర్డు దగ్గర కూర్చోవడమే మానేసింది. మూత కప్పిన ఆ వాద్యాన్ని చూస్తే నాకు ద్వారం వారు గుర్తుకు వచ్చారు.

మా అబ్బాయికి, కోడలికి వారి కథంతా చెప్పాను. పుస్తకం వద్దని నేను అనలేదు. నాయుడు గారే ఒక కళాశాలను నడిపినవారు. క్రమశిక్షణ లేని విద్యను వారు ఎన్నడూ మెచ్చి ఉండరు. కాని చెవి ముందు, పుస్తకం తోడు అన్నది మన పద్ధతి. చివరకు రోజూ అరగంట పుస్తకం, అరగంట తాతతో పాట అని ఒప్పందం కుదిరింది. మాస్టారు కూడా కాదనలేదు.

ఆ అరగంటలో మేము చేసేది చెబుతాను. మీ ఇళ్ళలో కూడా పనికిరావచ్చు. మొదట పాటను వాద్యం ముట్టకుండా నాలుగైదుసార్లు వింటాము. తరువాత ఇద్దరం కూనిరాగం తీస్తాము. గొంతులో పలకనిది వేలికి అందదు. పాట ఎక్కడ ఆగి విశ్రాంతి తీసుకుంటుందో గమనించి ఆ మీటను పట్టుకుంటాము. తరచుగా అదే షడ్జం అవుతుంది. అది దొరికితే తక్కిన స్వరాలు దాని నుండి ఎంత దూరమో చూసుకుంటూ ఒక్కొక్క పాదం కడతాము. ఒక పాదం నిలిచేవరకు రెండవ దానికి పోము.

కొత్తవారికి నల్లమీటలతో మొదలుపెట్టడం మంచిది. ఒక స్థాయిలో పన్నెండు మీటలు. ఏడు తెలుపు, అయిదు నలుపు. నల్లమీటలు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిది షడ్జంగా పెట్టుకుని నల్లమీటలే వరుసగా వాయిస్తే మోహన రాగ స్వరాలు వస్తాయి. అదే గుంపులో చివరిది షడ్జం చేసుకుంటే హిందోళం. మధ్యది చేసుకుంటే మధ్యమావతి. మీటలు అవే, షడ్జం మారితే రాగం మారుతుంది. దీనినే గ్రహభేదం అంటారు. చూపు సరిగా లేనివారు కూడా ఎత్తుగా ఉన్న నల్లమీటలను వేలితో తడిమి గుర్తించవచ్చు. నేను అలాగే వాయిస్తున్నాను. ఉద్యోగంలో చేరకముందు టైపు నేర్పినవారు మీటల వైపు చూడనిచ్చేవారు కారు. ఆ అలవాటు ఇన్నేళ్ళకు మళ్ళీ అక్కరకు వచ్చింది.

ఒక లోటు కూడా చెప్పాలి. మీటల వాద్యం మీద గమకం పలకదు. రెండు స్వరాల నడుమ జారే నాదం ఫిడేలు తంతి మీదే వస్తుంది. అందుకే వారానికి ఒకరోజు మనుమరాలికి నాయుడు గారి పాత గ్రామఫోను రికార్డులు వినిపిస్తున్నాను. ఇప్పుడు అవి ఫోనులోనే దొరుకుతున్నాయి. గరగర శబ్దం వెనుక నుండి కమాను నిండుగా కదలడం వినిపిస్తుంది. మొదట్లో పిల్లకు విసుగు. ఈమధ్య ఒక సంగతిని మళ్ళీ పెట్టమని తానే అడుగుతున్నది.

మిత్రులారా! మనలో చాలామందికి కంటిచూపు తగ్గుతున్నది. పత్రిక చదవలేకపోతున్నామని, కాలం గడవడం లేదని సమావేశాలలో వింటున్నాను. ద్వారం వారి స్థాయి మనకు అందదు. కాని వారు నడిచిన దారి మనకు మూసిలేదు. మీ ఇంట్లో మూలపడి ఉన్న హార్మోనియం, కీబోర్డు, వేణువు ఏదైనా ఉంటే బయటకు తీయండి. మనుమలను పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు తెలిసిన పాత పాట ఒకటి వారికి వినిపించండి. వారికి వేళ్ళు ఉన్నాయి, మీకు పాట తెలుసు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇటువంటివారు ఎవరైనా ముందుకు వస్తే, పది నిమిషాలు కేటాయించమని కార్యదర్శి గారికి మనవి చేస్తున్నాను. నా వంతుగా నల్లమీటల మీద మోహనం వాయించడానికి సిద్ధంగా ఉన్నాను. చేయి తడబడినా సభ్యులు మన్నిస్తారని ఆశిస్తూ,

సెలవు.