పదకొండేళ్ల పీహెచ్‌డీ

యూనివర్సిటీ హాస్టళ్లలో మన విద్యార్థుల గదుల్లోకి వెళ్తే గోడమీద బాబాసాహెబ్ ఫొటో ఉంటుంది. నీలం కోటు, టై, చేతిలో పుస్తకం. పేరు పక్కన డిగ్రీల వరుస. ఏప్రిల్ 14న మైకు ముందు నిలబడి ఆ వరుసను గర్వంగా చదువుతాం. ఒక డిగ్రీకీ ఇంకో డిగ్రీకీ మధ్య ఉన్న ఖాళీల గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ఆ ఖాళీల్లో అప్పులున్నాయి, అద్దెకు ఇల్లు దొరకని రోజులున్నాయి, దిద్దుకు రమ్మని వెనక్కి పంపిన థీసిస్ ఉంది. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నవాళ్లకూ, గెస్ట్ లెక్చరర్‌గా నెట్టుకొస్తున్నవాళ్లకూ కావలసింది ఆ ఖాళీల కథే అని మా అభిప్రాయం.

1912లో బొంబాయి యూనివర్సిటీ నుంచి ఆర్థిక, రాజకీయ శాస్త్రాల్లో బీఏ. 1913 ఫిబ్రవరిలో తండ్రి రామ్‌జీ సక్పాల్ మరణం. అదే ఏడాది బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 22 ఏళ్ల భీమ్‌రావు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. దానికి ఒక షరతు ఉంది. చదువు ముగిశాక బరోడా సంస్థానంలో పదేళ్లు కొలువు చేయాలి. ఈ సంతకం తర్వాత ఎలా మెడకు చుట్టుకుందో చూద్దాం.

కొలంబియాలో ఆయన చదువు ఆకలిగొన్నవాడి భోజనంలా సాగింది. ఒక్క అర్థశాస్త్రంలోనే 29 కోర్సులు తీసుకున్నారు. అవి కాక చరిత్ర, సామాజిక శాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం. సెలిగ్మన్, జాన్ డ్యూయీ లాంటి గురువులు దొరికారు. 1915లో ఎంఏ అయింది. 1916 మేలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులం పుట్టుక మీద పేపర్ చదివారు. అదే ఏడాది భారతదేశ జాతీయ ఆదాయం మీద రాసిన థీసిస్ సమర్పించారు. వయసు పాతికేళ్లు.

ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. 1916లో థీసిస్ ఇచ్చారు కాబట్టి 1916లోనే డాక్టరేట్ వచ్చేసిందనుకుంటాం. కానీ థీసిస్‌ను అచ్చు వేయించి, ప్రతులు యూనివర్సిటీకి అప్పగిస్తే తప్ప కొలంబియా పట్టా ఇచ్చేది కాదు. అచ్చుకు డబ్బు కావాలి. ఆ డబ్బు లేదు. పాసైన పరీక్షకు పట్టా చేతికి రావడానికి 1927 దాకా ఆగాల్సి వచ్చింది. జ్ఞానానికి పెట్టే పరీక్ష ఒకటి, జేబుకు పెట్టే పరీక్ష ఇంకొకటి. రెండోదాని మార్కులు ఏ సర్టిఫికెట్ మీదా కనిపించవు.

1916 అక్టోబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు, బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లో కూడా. ఏడాది తిరక్కముందే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. నాలుగేళ్లలోగా తిరిగొచ్చి చదువు పూర్తి చేసుకునేలా అనుమతి తీసుకుని 1917లో బయల్దేరారు. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆయన ఒక ఓడలో, సామాను ఇంకో ఓడలో. సామాను ఉన్న ఓడను జర్మన్లు టార్పెడోతో ముంచేశారు. ఆగస్టులో ఆయన బొంబాయిలో దిగారు. సామానుకు వచ్చిన నష్టపరిహారం డబ్బే బరోడా ప్రయాణానికి అక్కరకొచ్చింది.

బరోడాలో మహారాజు సైనిక కార్యదర్శి ఉద్యోగం. హోదా పెద్దదే. కానీ కింది ఉద్యోగులు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీదకు విసిరేవారు. ఊళ్లో హిందువుల హోటల్ గానీ, ముస్లింల హోటల్ గానీ గది ఇవ్వలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని తలదాచుకున్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. ఆ ఊళ్లో ఉన్న స్నేహితులు కూడా ఇంట్లో చోటు చూపలేకపోయారు. ఒక పార్కులో చెట్టు కింద కూర్చుని ఏడ్చి, రాత్రి బండికి బొంబాయి తిరిగొచ్చారు. కొలంబియాలో చదివి, లండన్‌లో సీటు అట్టిపెట్టుకుని వచ్చిన మనిషికి సొంత దేశంలో పదకొండు రోజులకు మించి అద్దె గది దొరకలేదు. రాజుగారు మంచివారే. కానీ రాజుగారి మంచితనం సత్రం గుమ్మం దాకా రాలేదు. పదేళ్ల బాండు అలా ముగిసింది, ఆ స్కాలర్‌షిప్ బాకీ మాత్రం ఆయన్ని వదల్లేదు.

బొంబాయిలో ఆ తర్వాతి ఏడాది మన నిరుద్యోగ స్కాలర్లకు బాగా అర్థమవుతుంది. ఇద్దరు విద్యార్థులకు ట్యూషన్ చెప్పారు. షేర్ల వ్యవహారాల్లో సలహాలిచ్చే చిన్న ఆఫీసు తెరిస్తే, సలహాదారు అంటరానివాడని తెలిసి వచ్చేవాళ్లు ఆగిపోయారు. అదే సమయంలో, 1918లో, చిన్న కమతాల సమస్య మీద పరిశోధన వ్యాసం ప్రచురించారు. మేము ఎక్కువ ఆగి చూసేది ఇక్కడే. ఉద్యోగం లేదు, యూనివర్సిటీ లేదు, గైడ్ లేడు, అయినా వ్యాసం ఆగలేదు. పైగా ఆ వ్యాసం ఇప్పటికీ పనికొచ్చేది. భూమిని ముక్కలు కాకుండా ఆపితే సరిపోదనీ, పొలం మీద పడుతున్న మిగులు జనానికి పరిశ్రమల్లో పని కల్పించాలనీ అందులో వాదించారు.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరారు. జీతం 450 రూపాయలు. మొదట్లో చులకనగా చూసిన విద్యార్థులు తర్వాత ఆయన పాఠం కోసం ఎదురుచూశారు. స్టాఫ్ రూంలో మాత్రం, అందరూ తాగే నీళ్ల కుండ ముట్టుకోవడంపై కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. మహద్ చెరువు దగ్గర నీటి కోసం పోరాటం 1927లో జరిగింది గానీ, నీటి తగాదా ఆయనకు బడి రోజుల నుంచీ, ఆ స్టాఫ్ రూం నుంచీ తెలిసిందే.

ఆ జీతంలో కొంత ఇంటి ఖర్చుకిచ్చి, మిగిలింది లండన్ కోసం కూడబెట్టారు. ఆ కొద్దిపాటి డబ్బుతో పరేల్‌లోని చాల్‌లో సంసారం నడిపింది రమాబాయి. ఆమె కడుపున పుట్టిన ఐదుగురిలో యశ్వంత్ ఒక్కడే బతికాడు. బాబాసాహెబ్ డిగ్రీల వరుస చదివేటప్పుడు ఈ లెక్క కూడా పక్కనే చదవాలి. పరిశోధన చేసే మనవాళ్ల ఇళ్లలో తల్లులూ భార్యలూ ఏం వదులుకుంటున్నారో ఏ థీసిస్ కృతజ్ఞతల పేజీ పూర్తిగా చెప్పదు.

1920 జనవరిలో మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టారు. మార్చిలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. సొంత పొదుపు, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన 5 వేల రూపాయల అప్పు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం కలిపి జూలైలో లండన్ ఓడ ఎక్కారు. బరోడాలో కర్రలతో వచ్చినవాళ్లూ పార్శీలే, అప్పిచ్చిన భతేనా కూడా పార్శీయే. మనుషుల్ని గంపగుత్తగా తూచలేం.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తెరవగానే వెళ్లి, మూసేదాకా చదివేవారు. సరైన తిండి లేదు. రాత్రి ఆకలికి కాల్చుకున్న అప్పడాలే దిక్కైన రోజులున్నాయి. 1921లో ఎమ్మెస్సీ, 1922లో బారిస్టర్ అయ్యాయి. 1922 అక్టోబరులో రూపాయి సమస్య మీద డీఎస్సీ థీసిస్ ఇచ్చారు. మన దగ్గర డీఎస్సీ అంటే టీచర్ పోస్టుల పరీక్ష గుర్తొస్తుంది, ఇది డాక్టర్ ఆఫ్ సైన్స్.

ఆ థీసిస్ వెనక్కి వచ్చింది. రూపాయి విలువ విషయంలో బ్రిటిష్ ప్రభుత్వ విధానాన్ని ఆయన ఎండగట్టిన తీరు పరీక్షకులకు మింగుడు పడలేదని జీవిత చరిత్రకారులు రాశారు. తిరగరాయమన్నారు. లండన్‌లో ఉండి తిరగరాయడానికి చేతిలో డబ్బు లేదు. 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చేసి, ఇక్కడే దిద్ది, ఆగస్టులో తిరిగి పంపారు. భాష దిద్దారు గానీ నిర్ణయాలు మార్చుకోలేదు. నవంబరులో ఆమోదం వచ్చింది. గురువు ఎడ్విన్ కానన్ ఆ పుస్తకానికి ముందుమాట రాస్తూనే అందులోని వాదనతో విభేదించారు. విభేదించే గైడ్ కూడా శిష్యుడి పుస్తకానికి ముందుమాట రాయొచ్చన్నది మన డిపార్ట్‌మెంట్లలో చెప్పుకోవాల్సిన విషయం.

డాక్టర్, బారిస్టర్ అయి వచ్చాక కూడా కేసులు వెంటనే రాలేదు. 1925 నుంచి బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణా సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పి ఇల్లు గడుపుకున్నారు. అదే 1925లో కొలంబియా థీసిస్, బ్రిటిష్ ఇండియా ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద పుస్తకంగా లండన్‌లో అచ్చయింది. సెలిగ్మన్ ముందుమాట రాశారు. ప్రతులు న్యూయార్క్ చేరాయి. 1927 మార్చి 20న ఆయన వేలాది మందితో కలిసి మహద్ చవదార్ చెరువులో నీళ్లు తాగారు. ఆ జూన్‌లో కొలంబియా పీహెచ్‌డీ పట్టా ఖరారైంది. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ లా కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు, 1935లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్.